నులిపురుగంటే మొహం చిట్లించకండి

మన భాషలో కొన్ని మాటలకి పుట్టుకతోనే చెడ్డపేరు వచ్చేస్తుంది. "నులిపురుగు" అలాంటి మాటే. అది వినగానే మనకి గుర్తొచ్చేది బడిలో పిల్లలకి మింగించే ఆల్బెండజోల్ మాత్ర. రైతునడిగితే వంగ వేళ్ళమీద, టమాటా వేళ్ళమీద బుడిపెలు చూపించి నాలుగు తిట్లు తిడతాడు. రెండూ నిజమే, కాదనను. కానీ అదే వంశంలో మనిషి జోలికీ మొక్క జోలికీ పోకుండా, మట్టిలో ఉన్న పురుగుల్ని వెతికి పట్టుకుని చంపి బతికే తెగ ఒకటుంది. దానికి మనవాళ్ళు ఇంకా ముద్దుపేరు పెట్టలేదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు "కీటక నాశక నులిపురుగులు" అంటారు. పేరు వింటే పరీక్షలో రాసే జవాబులా ఉంది గానీ, వాటి కథ మాత్రం మన ఆఫీసుల్లో చెప్పుకునే ఏ స్టార్టప్ కథకీ తీసిపోదు.

నేను వ్యవసాయ శాస్త్రం చదవలేదు. జావా రాసుకుని బతికేవాణ్ణి. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను, ఇప్పుడు మధురవాడలో అద్దెకుంటున్నాను. కొండలు తవ్వుతుంటే లారీల్లో పోయే ఎర్రమట్టిని రోజూ చూస్తాను. ఆ మట్టిలో ఏముందో చూడకుండానే తీసుకెళ్ళి గోతుల్లో పోసేస్తున్నాం అన్నదే నా బాధ. ఈ టపా దాని గురించే. కొంచెం పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు అసలు ఈ జీవులు ఏం చేస్తాయో చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసే గోలకి అర్థం ఉండదు.

వీటిలో ముఖ్యంగా రెండు కుటుంబాలు. స్టైనర్‌నీమా, హెటరోరాబ్డైటిస్. పొడవు దాదాపు అర మిల్లీమీటరు. మట్టిలో తిరిగేది పిల్ల దశలో ఉన్న పురుగు మాత్రమే. దాని నోరూ వెనక ద్వారమూ మూసుకునే ఉంటాయి. తిండి లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే బ్యాటరీ. ఆ బ్యాటరీ అయిపోయేలోగా ఒక పురుగు దొరకాలి, లేదంటే అంతే. దాని పేగులో మాత్రం ఒక సరుకుంటుంది. స్టైనర్‌నీమా అయితే జెనోరాబ్డస్ అనే బ్యాక్టీరియా, హెటరోరాబ్డైటిస్ అయితే ఫోటోరాబ్డస్.

పురుగు ఊపిరి వదిలితే వచ్చే బొగ్గుపులుసు వాయువు వాసన పట్టుకుని కొన్ని రకాలు వెతుక్కుంటూ పోతాయి. ఇంకొన్ని తోకమీద నిలబడి ఊగుతూ దారిన పోయేవాటికోసం కాపుకాస్తాయి. దొరికిన పురుగు నోట్లోంచో, వెనకనుంచో, ఊపిరి రంధ్రాల్లోంచో లోపలికి దూరతాయి. హెటరోరాబ్డైటిస్‌కైతే ఒక చిన్న పన్ను కూడా ఉంది, పల్చటి చర్మమైతే గీరుకుని దూరిపోతుంది. లోపలికి వెళ్ళగానే అది చేసే పని ఒక్కటే, పేగులో మోసుకొచ్చిన బ్యాక్టీరియాని పురుగు రక్తంలోకి వదిలెయ్యడం. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది.

చంపేది ప్రధానంగా బ్యాక్టీరియా అన్నమాట, నులిపురుగు దాన్ని మోసుకొచ్చే వాహనం. ఈ బ్యాక్టీరియా విషాల్లో ఒకదానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు "మేక్స్ కాటర్‌పిల్లర్స్ ఫ్లాపీ". అంటే గొంగళిపురుగుని చచ్చుబడేట్టు చేసేది అని. మనం వేరియబుల్స్‌కి పెట్టే పేర్లకన్నా నయం, చూడగానే పనేంటో తెలుస్తుంది :)

చచ్చిన పురుగు కుళ్ళదు. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. ఉష్ణమండలపు తడి మట్టిలో ఒక పురుగు చస్తే గంటల్లో చీమలూ, బూజులూ, ఇతర బ్యాక్టీరియా వచ్చి పంచుకోవాలి. కానీ లోపలున్న బ్యాక్టీరియా రకరకాల యాంటీబయాటిక్స్ తయారుచేసి, పక్కవాళ్ళెవర్నీ రానివ్వకుండా శవాన్ని కాపలా కాస్తుంది. చీమల్ని దూరంగా ఉంచే పదార్థాలు కూడా చేస్తుంది. అలా కాపాడిన శవంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ బ్యాక్టీరియాని నులిపురుగులు తింటాయి, రెండు మూడు తరాలు గడుస్తాయి. హెటరోరాబ్డైటిస్‌లో అయితే చివరకి గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, పిల్లలు తల్లిని తినేసి బయటకొస్తాయి. (సీరియల్ రచయితలకి ఈ విషయం ఎవరూ చెప్పకండి.) తిండి అయిపోయాక కొత్త పిల్లలు తలా కాస్త బ్యాక్టీరియా పేగులో మూటకట్టుకుని బయటకి బయలుదేరతాయి. ఒక పెద్ద పురుగులోంచి లక్షల్లో వస్తాయి.

ఫోటోరాబ్డస్ వల్ల చచ్చిన పురుగు ఇటుకరాయి రంగులోకి మారుతుంది. చీకటిగదిలో పది నిమిషాలు కూర్చుని కళ్ళు అలవాటుపడ్డాక చూస్తే సన్నగా వెలుగుతుంది కూడా. నేలమీద బతుకుతూ మిణుకుమనే బ్యాక్టీరియా బహు అరుదు. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో షైలో యుద్ధభూమిలో కొందరు సైనికుల గాయాలు రాత్రి వెలిగాయనీ, అలా వెలిగినవాళ్ళే బతికారనీ ఒక కథ ఉంది. ఇద్దరు హైస్కూలు కుర్రాళ్ళు 2001లో దానికి కారణం ఈ బ్యాక్టీరియానే అయ్యుండొచ్చని ఒక ప్రాజెక్టు చేసి ఇంటెల్ పోటీలో బహుమతి కొట్టారు. మనిషి ఒంటి వేడికి ఇది మామూలుగా పెరగదు కదా అంటే, చలికి ఒళ్ళు చల్లబడిపోయిందని వాళ్ళ సమాధానం. బాగుంది, కానీ దాన్ని కథగానే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఈ జంట ఎంత అవసరమో తెలియకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1929లో న్యూజెర్సీలో ఒక గోల్ఫ్ మైదానంలో, జపాన్ నుంచి వచ్చి గడ్డి వేళ్ళు తినేస్తున్న పెంకుపురుగు పిల్లల్లో రుడాల్ఫ్ గ్లేసర్ అనే ఆయన ఈ నులిపురుగుల్ని కనిపెట్టాడు. కృత్రిమ మేత మీద పెంచడం కూడా సాధించాడు. 1930లలో పెద్దఎత్తున పొలాల్లో వదిలారు. కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల లేదు. తర్వాత డీడీటీ వచ్చింది, ఇక వీటిని పట్టించుకునేవాడే లేడు. బ్యాక్టీరియా పాత్ర 1960లలో గానీ స్పష్టంగా తేలలేదు. గ్లేసర్ తన నులిపురుగుల్ని ఇతర సూక్ష్మజీవులు లేకుండా శుభ్రంగా పెంచడానికి కష్టపడ్డాడు, ఆ శుభ్రంలో అసలు సరుకే పోయుంటుందని తర్వాతివాళ్ళు అన్నారు. డిపెండెన్సీ లేకుండా బిల్డ్ చేసి ప్రొడక్షన్‌కి పంపడం అంటే ఇదే. ఆయన తప్పేం కాదు పాపం, డాక్యుమెంటేషన్ లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ల్యాబు సంగతి, పొలం సంగతి. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఎవరూ చల్లకుండా, ఎవరూ అమ్మకుండా, అడవి మట్టిలో ఇవి చేసే పని. కాలిఫోర్నియాలో బొడేగా అనే సముద్రతీరం ఉంది. అక్కడ లూపిన్ అనే పసుపుపూల పొదలు. వాటి వేళ్ళని తొలిచి తినే ఒక రెక్కలపురుగు పిల్లలున్నాయి. డొనాల్డ్ స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్త బృందం 1990లలో గమనించినదేమిటంటే, హెటరోరాబ్డైటిస్ జాతి ఒకటి ఉన్న మట్టిలో పొదలు పచ్చగా బతుకుతున్నాయి, లేనిచోట తుడిచిపెట్టుకుపోతున్నాయి. కొండమీద నుంచి చూస్తే కనబడే పచ్చదనం, కంటికి కనబడని అర మిల్లీమీటరు జీవి మీద ఆధారపడి ఉంది.

రెండోది మొక్కజొన్న సంగతి. 2005లో స్విట్జర్లాండ్‌లో పనిచేసే శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు. వేళ్ళని పురుగు కొరుకుతుంటే మొక్కజొన్న ఒక వాసన పదార్థాన్ని మట్టిలోకి వదులుతుంది, ఆ వాసనకి నులిపురుగులు వచ్చి కొరికేవాణ్ణి చంపుతాయి. అంటే మొక్క ఫోన్ చేసి పోలీసుల్ని పిలుస్తోంది. విచిత్రమేమిటంటే వాళ్ళు చూసిన ఉత్తర అమెరికా రకాల్లో ఈ గుణం పోయింది. దిగుబడి, దిగుబడి అంటూ దశాబ్దాలు ఎంపిక చేసుకుంటూ వచ్చినవాళ్ళు ఎవరూ కావాలని తీసెయ్యలేదు. అది ఉందనే తెలియదు కాబట్టి పోయిందని కూడా తెలియలేదు. తర్వాత 2009లో ఇంకో మొక్క జన్యువు తెచ్చి అతికించి ఆ గుణాన్ని తిరిగి తెప్పించారు. పాత కోడ్‌లో "ఈ ఫంక్షన్ ఎవరూ వాడట్లేదు" అని చెరిపేసి, ఆర్నెల్ల తర్వాత రాత్రి రెండింటికి కాల్‌లో కూర్చున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

సరే, మన దేశానికి వద్దాం. హెటరోరాబ్డైటిస్ ఇండికా అనే జాతికి పేరు పెట్టింది 1992లో, తమిళనాడు కోయంబత్తూరు నమూనాల నుంచి. మన శాస్త్రవేత్తలు ఇద్దరితో కలిసి దాన్ని వర్ణించిన జార్జ్ పోయినార్, అంబర్‌లో చిక్కుకున్న పురుగుల మీద పనిచేసిన పెద్దాయన కూడా. జురాసిక్ పార్క్ నవలకి ప్రేరణ ఆయన పనే అంటారు. ఈ ఇండికా ప్రత్యేకత వేడి తట్టుకోవడం. చలిదేశపు రకాలు 35 డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తాయి, మన ఎండలకి పుట్టింది ఇదే. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ (ఐసీఏఆర్ వాళ్ళది) దీన్ని నీళ్ళలో కలుపుకునే పొడిగా తయారుచేసి, ఆ పద్ధతిని ప్రైవేటు కంపెనీలకి లైసెన్సు ఇచ్చింది. ముఖ్యంగా వేరుపురుగు మీద. చెరకు, వేరుశెనగ, వక్క రైతులకి ఆ పేరు చెబితే చాలు, అదేమిటో వివరించక్కర్లేదు.

ఇంకా ఒక ముచ్చట. ఒకే పురుగు ఆడా మగా తానే అయి పిల్లల్ని కనే స్టైనర్‌నీమా జాతి ఒకటి మొదట ఇండొనేషియాలో కనబడింది, తర్వాత మన దేశపు మట్టిలోనూ దొరికింది. ఆ భారతీయ రకాన్నే కాల్టెక్ వాళ్ళు జన్యు పరిశోధనకి కొత్త నమూనా జీవిగా తయారుచేసుకుంటున్నారు. మన మట్టికి అక్కడ విలువ తెలుసు అన్నమాట.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? మా టీమ్‌లో ఒకాయనకి పద్మనాభం వైపు కొబ్బరితోట ఉంది. శని ఆదివారాల రైతు. (మనలో సగంమంది ఇప్పుడు అదే కదా, జీతం కోడింగులో, మనసు కొబ్బరితోటలో.) గెత్తం కుప్ప నిండా తెల్లటి లావుపాటి పురుగులు, పక్కనే చెట్లమీద కొమ్ముపురుగు. రసాయనం వద్దనుకుని ఆన్‌లైన్‌లో ఈ నులిపురుగుల పొడి తెప్పించుకున్నాడు. మే నెలలో, కొరియర్‌లో, నాలుగురోజులు ఎండలో తిరిగి వచ్చింది. ప్యాకెట్ మీద ఎప్పుడు తయారైందో అర్థంకాని ముద్ర, ఎలా వాడాలో రెండు లైన్లు. మా అబ్బాయి బడి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. నీళ్ళలో వేసి గంటసేపు ఆగినా ఒక్కటీ కదల్లేదు. సూదుల్లా నిటారుగా పడున్నాయి. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "మిగతా కస్టమర్లకి బాగా పనిచేసిందండీ" అని ఒకటే పాట.

మందు బాటిల్‌లా దీన్ని అమ్మితే ఇలాగే ఉంటుంది. ఇది సరుకు కాదు, ప్రాణి. దానికి తడి కావాలి, నీడ కావాలి. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నిమిషాల్లో చంపేస్తాయి. సాయంత్రం పూట, తడిపిన నేల మీద, నిన్న ఇంకేదో మందు కొట్టిన స్ప్రేయర్‌తో కాకుండా పొయ్యాలి. మామూలు మోతాదు ఎకరానికి 100 కోట్లు, అంటే చదరపు సెంటీమీటరుకి 25. అందులో ఎన్ని బతికున్నాయో చూసే పద్ధతి కొనేవాడి చేతిలో లేదు. పాల ప్యాకెట్‌కి ఉన్నపాటి చల్లటి గొలుసు కూడా లేకుండా ప్రాణుల్ని పంపి, పనిచెయ్యకపోతే "జీవ నియంత్రణ దండగ" అని పేరొస్తుంది. మంచి టెక్నాలజీని చెడ్డ డెలివరీ ఎలా చంపుతుందో మనకి వేరే చెప్పాలా?

అప్పుడు ఆ తోటలోనే ఉన్న వాళ్ళ మావయ్య అన్నమాట నాకు మనసులో ఉండిపోయింది. "ఏట్రా బావూ, పురుగుని సంపడానికి పురుగుని కొనాలేటి? మన మట్టిలో లేందేటి?" అన్నాడాయన. ఎగతాళికే అన్నాడు. కానీ అది సరైన ప్రశ్న. మన మట్టిలో ఏముందో ఎవరైనా చూశారా?

ప్రకృతి వ్యవసాయంలో జీవామృతం కలిపేటప్పుడు గుప్పెడు గట్టుమట్టి వెయ్యమంటారు, దున్నని, మందు పడని చోటిది. 2016 నుంచి ఆంధ్రలో ప్రభుత్వం వెనకుండి నడిపిస్తున్న కార్యక్రమంలోనూ అంతే. ముట్టని మట్టిలో ఏదో ఉందనే గ్రహింపు అందులో ఉంది, అది నాకు నచ్చుతుంది. అలాగని ఈ నులిపురుగులు డ్రమ్ములో బెల్లంనీళ్ళలో పెరుగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వాటికి పురుగు కావాలి. కావలసింది అవి ఇప్పటికే ఉన్న నేలని చెడగొట్టకుండా ఉండటం. గుళికల మందు చల్లితే చెడ్డ నులిపురుగూ మంచి నులిపురుగూ అని తేడా చూడదు. పైగా బయట నుంచి తెచ్చి పోసినవి స్థానికంగా ఉన్నవాటిని కొంతకాలం వెనక్కి నెట్టిన దాఖలా ఫ్లోరిడా నారింజతోటల్లో ఉంది. కాబట్టి ముందు ఇంట్లో ఏముందో చూసుకుని తర్వాత బజారుకెళ్ళడం మంచిది.

విశాఖ ఈ పనికి ఎంత మంచి చోటో ఆలోచించండి. హెటరోరాబ్డైటిస్‌కి సముద్రపు ఒడ్డు ఇసుకనేలలంటే ఇష్టం. హవాయిలో సర్వే చేస్తే ఎక్కువగా తీరం పక్కనే దొరికాయి. మనకి ఋషికొండ నుంచి భీమిలి దాకా, అక్కణ్ణుంచి భోగాపురం దాకా అంతా ఇసుక, సరుగుడు, జీడి, కొబ్బరి. మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు. 2014లో జాతీయ భూవైజ్ఞానిక స్మారకం అని ప్రకటించారు. పక్కన కంబాలకొండ, సింహాచలం. ఇంకోవైపు ఉక్కు ఫ్యాక్టరీ భూమి, వేల ఎకరాలు. అందులో 1970ల నుంచీ నాగలి తగలని, పురుగుమందు పడని ముక్కలు ఎన్నో ఉన్నాయి. ఆ భూమిని అమ్మాలా వద్దా అని 2021 నుంచీ ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. ఎకరం ఎన్ని కోట్లు అన్న లెక్క అందరూ వేశారు. ఇక 1933లో తెరిచిన పోర్టు పక్కన, దశాబ్దాల తరబడి బొగ్గుపొడి, ఇనుపధూళి పడుతున్న నేలలున్నాయి. ధూళి ఎక్కువైనకొద్దీ ఈ జంట జీవులు ఏమవుతున్నాయి, ఎంత దూరంలో మళ్ళీ కనబడుతున్నాయి? పోర్టు నుంచి సింహాచలం దాకా గీత గీసి కిలోమీటరుకో నమూనా తీస్తే ఒక ఎమ్మెస్సీ విద్యార్థికి థీసిస్.

ఈలోగా మనమేం చేస్తున్నాం? భోగాపురంలో విమానాశ్రయానికి రెండువేలకు పైగా ఎకరాలు తీసుకున్నారు. ఋషికొండని గుండు కొట్టినట్టు తవ్వారు. 2024లో ఎర్రమట్టి దిబ్బల పక్కనే ప్రొక్లెయిన్లు దిగి, గొడవయ్యాక ఆగాయి. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు ఇక్కడ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని ప్రకటించారు. మా ఆఫీసులో స్వీట్లు పంచుకున్నారు, నేనూ తిన్నాను. వీటిని ఆపమని నేను అనట్లేదు. నా జీతం వచ్చేది ఇలాంటి కట్టడాల్లోంచే, రేపు మా ఊరి పిల్లలకి ఉద్యోగాలొచ్చేదీ అక్కడే. నేను అడిగేది చాలా చిన్నది. జేసీబీ దిగేముందు మట్టి నమూనా తియ్యండి.

పర్యావరణ ప్రభావ నివేదికల్లో మట్టి పరీక్ష ఉంటుంది కదా అనొచ్చు. నేను చదివినవాటిల్లో ఆ పేజీ ఎప్పుడూ ఒకేలా ఉంది. పీహెచ్, నత్రజని, భాస్వరం, పొటాష్, కొన్ని లోహాలు. చెట్ల జాబితా ఉంటుంది, పక్షుల జాబితా ఉంటుంది, ఉడుతని కూడా వదలరు. మట్టి మాత్రం రసాయనాల మిశ్రమం, అందులో ప్రాణం ఉన్నట్టే రాయరు. సర్వర్‌ని తీసేసేముందు బ్యాకప్ తీసుకోకపోతే మేనేజరు ఉరితీస్తాడు. కొండని తీసేసేముందు మాత్రం ఎవరూ అడగరు.

"పోతే పోయింది, నులిపురుగే కదా" అనేవాళ్ళకి ఇంకో లెక్క చెబుతాను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పుకుని మనం ఛాతీ విరుచుకుంటాం. ఆయన లెడర్లీలో పరిశోధనకి పెద్దగా ఉండగా బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ని కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు అది. 1948లో బయటకొచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్ళ పాత ప్రయోగక్షేత్రంలో తీసిన కాస్త మట్టిలోంచి. ఊరూరా మట్టి తెప్పించుకుని వెతికారు వాళ్ళు. ఎరిత్రోమైసిన్ అలాగే ఫిలిప్పీన్స్ మట్టిలోంచి వచ్చింది.

ఆ రకం వెతుకులాట తర్వాత ఎండిపోయింది. దొరికినవే మళ్ళీ దొరకడం మొదలైంది. అప్పుడు కొందరికి ఈ జంట గుర్తొచ్చింది. పురుగు శవాన్ని అన్ని సూక్ష్మజీవుల నుంచీ కాపాడే బ్యాక్టీరియా దగ్గర కొత్త ఆయుధాలు ఉండి తీరాలి కదా! పైగా ఆ మందు లోపలున్న నులిపురుగుకి విషం కాకూడదు, అంటే ఒక జంతువు ఒంట్లో ముందే పరీక్ష అయిపోయినట్టే. 2018లో జెనోరాబ్డస్ నుంచి ఓడిలోరాబ్డిన్స్ అనేవి వచ్చాయి. 2019లో ఫోటోరాబ్డస్ నుంచి డారోబ్యాక్టిన్ దొరికింది, బోస్టన్‌లో కిమ్ లూయిస్ బృందం. మన ఐసీయూల్లో డాక్టర్లని ఏడిపిస్తున్న ఈ.కోలై, క్లెబ్సియెల్లా రకం బ్యాక్టీరియాల పైపొరని అది ఇంతవరకూ ఏ మందూ ముట్టని చోట దెబ్బకొడుతుంది. ఎలుకల్లో పనిచేసింది. మనుషుల మందు కావడానికి ఇంకా చాలా దూరం ఉంది, అది వేరే విషయం.

ఇంకోటి మన వాళ్ళకి బాగా నచ్చుతుంది. ఫోటోరాబ్డస్ దగ్గర ఒక సిరంజి ఉంది, ప్రోటీన్లతో తయారైనది, పురుగు కణానికి గుచ్చి పేలోడ్ లోపలికి పంపుతుంది. 2023లో ఫెంగ్ జాంగ్ బృందం దాని కొనని ఆల్ఫాఫోల్డ్ సాయంతో మార్చి, మనిషి కణాలకి తమకి కావలసిన ప్రోటీన్లు పంపేట్టు చేసింది. వీటిలో ఒక జాతి జన్యుపటం 2003లో పూర్తిగా చదివినప్పుడు, అప్పటిదాకా చదివిన ఏ బ్యాక్టీరియాలోనూ లేనన్ని విషాల జన్యువులు కనబడ్డాయి. ఒక్క జాతిలో. ఒక్కో ఊరి రకానికి ఒక్కో సంచి ఉంటుంది.

నాకు ఎదురుగా చెప్పగలిగిన మాటలు లేకపోలేదు. ఇండికా ఉష్ణమండలమంతా ఉంది, ఎర్రమట్టి దిబ్బల్లో దొరికేదీ అదే కావచ్చు, కొత్తది ఏమీ ఉండకపోవచ్చు. కావచ్చు. నమూనాల్లో ఎక్కువ భాగం ఖాళీగా రావడం ఏ సర్వేలోనైనా మామూలే. ఇంకోటి, ఫోటోరాబ్డస్‌లో ఒక్క జాతి, ఏసింబయోటికా అనేది, ఆస్ట్రేలియాలో అమెరికాలో కొద్దిమంది మనుషులకి పుళ్ళు తెప్పించింది. మిగతావాటితో మనకి భయం లేదు. చూడ్డానికి అయ్యే ఖర్చు మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఒక ఎకరం లేఅవుట్‌కి వేసే ఆర్చి మీద రంగుల ఖర్చులో జిల్లా అంతా సర్వే అయిపోతుంది.

పద్ధతి 1975 నుంచీ ఒకటే. జానెడు లోతు దాకా మట్టి పావుకిలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, కాస్త తడి. అందులో ఐదు మైనంపురుగులు, తేనెటీగల వాళ్ళు పాడైపోయిందని పారేసే పట్టులో దొరికేవే. మూతకి చిన్న చిల్లులు. బోర్లించి చీకట్లో వారం రోజులు. చచ్చిన పురుగు నల్లగా కంపుకొడితే మామూలు కుళ్ళు, దాన్ని పారెయ్యండి. మీద తెల్లగా ఆకుపచ్చగా బూజు పడితే అది పురుగుల్ని చంపే శిలీంధ్రం కావచ్చు, అదీ పనికొచ్చేదే. గోధుమరంగులో ఉంటే స్టైనర్‌నీమా అయ్యుండొచ్చు. ఇటుకరంగులో, వాసన లేకుండా ఉంటే లైట్లార్పి చూడండి.

మీ లేఅవుట్ ప్లాటులో, మీ మావయ్యగారి జీడితోటలో, మీ ఆఫీసు వెనక ఇంకా చదును చెయ్యని చోట తియ్యొచ్చు. కంబాలకొండలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా గుప్పెడు మట్టి కూడా తియ్యకండి, అది అభయారణ్యం. ముడసర్లోవ పక్కన గోల్ఫ్ కోర్సు ఉంది, గ్లేసర్ ముచ్చట తీర్చుకోవాలనుకునే సభ్యులెవరైనా మన టపాలు చదువుతుంటే అడిగి చూడండి. మొదటి వానలు పడి నేల నానాక, అంటే జులై ఆగస్టుల్లో తీస్తే దొరికే అవకాశం ఎక్కువ. ఎర్రగా వచ్చిన డబ్బాని పారెయ్యకుండా, తీసిన చోటు, తేదీ చీటీ అంటించి, మీకు దగ్గర్లోని వ్యవసాయ పరిశోధనా స్థానానికి పట్టుకెళ్ళండి. మనకి అనకాపల్లిలోనే ఉంది, 1913 నుంచీ చెరకు మీద పనిచేస్తున్నది. డబ్బాలూ పురుగులూ నేను సిద్ధం చేస్తున్నాను, మధురవాడ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు వ్యాఖ్య పెడితే తలా ఐదు ఇస్తాను.